జింకలకి మేత వేసే ఆటోమేటిక్ ఫీడర్ మనమే చేసుకోవచ్చా? డ్రమ్ము, మోటారు, టైమర్... అసలు కష్టం ఎక్కడుందో చూద్దాం

వీడియో చూసే టైం లేనివాళ్ళ కోసం ఈ ఎపిసోడ్‌లో మాట్లాడిందంతా ఇక్కడ రాసి పెడుతున్నాం. బస్సులోనో క్యాంటీన్‌లోనో ఫోన్‌లో చదువుకోండి.

ఈరోజు టాపిక్ కాస్త వెరైటీ. టెక్సస్‌లో వేట భూముల్లో ఒక డ్రమ్ము కనిపిస్తుంది. మూడు కాళ్ళ మీద నిలబడి ఉంటుంది. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి బర్ర్ మని సౌండ్ వస్తుంది. చుట్టూ మొక్కజొన్న గింజలు వానలా పడతాయి. రెండు నిమిషాల్లో చెట్ల చాటు నుంచి జింకలు ఒక్కొక్కటే బయటికొస్తాయి. దాన్నే అక్కడ డీర్ ఫీడర్, గేమ్ ఫీడర్ అంటారు. గేమ్ అంటే ఆట కాదు, వేటాడే జంతువు అని అర్థం.

నేనూ మా ఫ్రెండూ కలిసి దాన్ని సొంతంగా చేశాం. చేయడానికి రెండు వీకెండ్లు పట్టింది. సరిగ్గా పనిచేయించడానికి ఏడాది పట్టింది. ఆ రెండిటికీ మధ్య జరిగిందే ఈ ఎపిసోడ్.

ముందే ఒక మాట. నేను వేటాడను, నా చేతిలో ఉండేది కెమెరా. మా ఫ్రెండ్ వేటాడతాడు. లైసెన్సు ఉంది, ట్రైనింగ్ అయ్యాడు. వేట కరెక్టా కాదా అన్నది ఈ ఎపిసోడ్‌లో తేలే విషయం కాదు. మెషీన్ ఎలా పనిచేస్తుంది, ఎక్కడ ఫెయిలవుతుంది, ఫెయిలైతే ఎవరికి నష్టం అన్నదే ఈరోజు మన సబ్జెక్టు.

టెక్సస్‌లో ఇది ఎందుకు మామూలు?

టెక్సస్‌లో భూమి దాదాపు 95 శాతం ప్రైవేటు చేతుల్లోనే ఉంది. కాబట్టి వేటకి వెళ్ళాలంటే ఎక్కువమంది రైతు దగ్గర భూమి లీజుకి తీసుకుంటారు. దాన్ని డీర్ లీజ్ అంటారు. మన దగ్గర చేపల చెరువు లీజుకి తీసుకున్నట్టే అనుకోండి. మా ఫ్రెండూ ఇంకో నలుగురూ కలిసి కెర్‌విల్ వైపు హిల్ కంట్రీలో కొంత భూమి తీసుకున్నారు. సున్నపురాయి గుట్టలు, ఓక్ చెట్లు, సీడర్ పొదలు. అక్కడ ఎక్కువగా ఉండేది వైట్‌టెయిల్ డీర్, అంటే తెల్లతోక జింక. దాని సీజన్ నవంబరు మొదటి శనివారం మొదలవుతుంది.

పొదలు దట్టంగా ఉన్నచోట జంతువు ఎక్కడుందో కనబడదు. అందుకే ఒక ఖాళీ జాగాలో, ఒకే టైంకి, కొంచెం మేత పడేలా చేస్తారు. జంతువుకి అలవాటవుతుంది. ప్రైవేటు భూమిలో ఇలా మేత వేసి జింకని వేటాడటం టెక్సస్‌లో చట్టబద్ధమే. వేటాడనివాళ్ళు కూడా ఫీడర్ పెట్టుకుంటారు. ఫొటోలకి, ఆ భూమిలో ఎన్ని జింకలున్నాయో లెక్క చూసుకోవడానికి పనికొస్తుంది. నాకు కావాల్సింది అదే.

మన దగ్గర చేయొద్దు

మన ఊళ్ళో అడవి పక్కన పొలం ఉంది, అక్కడ ఒకటి పెడదాం అనుకునేవాళ్ళు ఇక్కడ ఆగండి. ఇండియాలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉంది. అందులో వేట అంటే చంపడం ఒక్కటే కాదు. ఉచ్చు పన్నడం, తరమడం, ఎర వేయడం కూడా వేట కిందకే వస్తాయి. ప్రయత్నించినా తప్పే. కృష్ణజింక లాంటి షెడ్యూల్ 1 జంతువు విషయంలో అయితే 3 నుంచి 7 ఏళ్ళ జైలు. కాబట్టి ఈ మెషీన్ టెక్సస్ వేట భూమిలో మామూలు వస్తువు. మన అడవి అంచున అదే మెషీన్ కేసు. మన దగ్గర ఇదే మెషీన్ లీగల్‌గా పనికొచ్చే చోటు ఒకటుంది, చివర్లో చెప్తా.

లోపల ఏముంది? కుప్పే దీనికి తలుపు

ఫీడర్‌లో ఐదే ఐదు భాగాలు. గింజలుండే డ్రమ్ము. దాని అడుగున గరాటు. గరాటు కింద తిరిగే ప్లేటు. ప్లేటుని తిప్పే మోటారు. టైంకి మోటారుని ఆన్ చేసే టైమరు, దానికి బ్యాటరీ.

మొదటిసారి చూసినప్పుడు నాకొచ్చిన డౌట్ ఇది. గరాటు అడుగున మూత లేదు, తలుపు లేదు, మరి గింజలన్నీ ఒకేసారి కిందకి జారిపోవా?

పోవు. కళ్ళంలో ధాన్యం కుప్ప గుర్తు తెచ్చుకోండి. ఎంత పోసినా కుప్ప ఒక వాలు దగ్గర ఆగిపోతుంది. ఎండిన మొక్కజొన్నకి ఆ వాలు దాదాపు 25 డిగ్రీలు. గరాటు మూతికి సరిగ్గా కింద ప్లేటు ఉంటే, గింజలు జారి ప్లేటు మీద చిన్న కుప్పవుతాయి. ఆ కుప్ప పెరిగి గరాటు మూతిని తనే మూసేస్తుంది. మోటారు తిరిగితే కుప్ప చెదిరి గింజలు చుట్టూ విసిరినట్టు పోతాయి, పైనుంచి కొత్తవి జారతాయి. మోటారు ఆగితే మళ్ళీ కుప్ప, మళ్ళీ మూత. తలుపు లేకుండా తలుపు పని!

ఇక్కడ కొలతలే ముఖ్యం. మాది గరాటు మూతి 2 అంగుళాలు. మూతికి, ప్లేటుకి మధ్య గ్యాప్ 1 అంగుళం. ఆ వాలు ప్రకారం లెక్కేస్తే కుప్ప వెడల్పు 6 అంగుళాల పైచిలుకు వస్తుంది. అందుకే మేం 8 అంగుళాల ప్లేటు పెట్టాం. ప్లేటు 6 అంగుళాలే ఉంటే గింజలు అంచు దాటి రోజంతా కారుతూనే ఉంటాయి. గ్యాప్ మరీ తగ్గిస్తే గింజలు ఇరుక్కుని మోటారు పట్టేస్తుంది. ఈ ఒక్క పాయింట్ అర్థమైతే సగం ఫీడర్ చేసినట్టే.

తయారీ

డ్రమ్ము: తిండి పదార్థాలు పెట్టిన డ్రమ్మే తీసుకోండి. పురుగుమందు, కెమికల్, ఆయిల్ పోసిన డ్రమ్ము ఎంత కడిగినా వద్దు. ప్లాస్టిక్ డ్రమ్ముని ఉడతలు కొరుకుతాయి, ఇనుప డ్రమ్ము మేలు. మేం ఆశపడి 55 గ్యాలన్లది తెచ్చాం, అంటే 208 లీటర్లు. అందులో దాదాపు 330 పౌన్లు, మన లెక్కలో 150 కిలోల మొక్కజొన్న పడుతుంది. ఇది మేం చేసిన మొదటి తప్పు. ఎందుకో తర్వాత చెప్తా. మీరు 30 గ్యాలన్లది తీసుకోండి, 80 కిలోలు పడుతుంది, చాలు.

గరాటు: డ్రమ్ము అడుగు చదునుగా ఉంటే అంచుల్లో గింజలు నిలిచిపోతాయి. నిలిచినవి పాడవుతాయి, పాడైనవి కొత్తవాటిని పాడుచేస్తాయి. అందుకే లోపల వాలుగా రేకు గరాటు బిగించాలి. అంచుకి సిలికాన్ సీలెంట్ పూయండి. అది పూర్తిగా ఆరాకే గింజలు పోయాలి.

మోటారు: పాత కారు వైపర్ మోటారు పెడదామని మాకు ఐడియా వచ్చింది. పనికిరాదు. అది నిమిషానికి 50, 60 చుట్లే తిరుగుతుంది, గింజలు కాళ్ళ దగ్గరే పడతాయి. మరీ స్పీడు మోటారు పెడితే గింజ పగిలి పిండవుతుంది, పిండి తేమ పీల్చుకుంటుంది. కారు ఏసీ బ్లోయర్ మోటారు గానీ, ఫీడర్ల కోసమే అమ్మే 12 వోల్టుల మోటారు గానీ సరిపోతుంది. మాది ఒక్కోవైపు దాదాపు 15 అడుగులు విసురుతుంది.

బిగించడం: గరాటు చుట్టూ నాలుగు పొడవాటి బోల్టులు కిందకి దించి, వాటికి మోటారు డబ్బా బిగించాం. షాఫ్టు పైకి చూస్తుంది, దాని మీద ప్లేటు. ప్లేటు మీద రెండు అల్యూమినియం రెక్కలు నిలువుగా రివెట్ చేశాం. గింజని నెట్టేది అవే. బోల్టుల నట్లు తిప్పితే గ్యాప్ ఎక్కువ తక్కువ చేసుకోవచ్చు.

కాళ్ళు: మూడు ఇనుప పైపులు. మూడు కాళ్ళయితే ఎగుడుదిగుడు నేల మీదా ఊగకుండా నిలబడుతుంది. కానీ నిండు డ్రమ్ము బరువంతా పైనే ఉంటుంది కదా, గాలికి పడొచ్చు, పందులు తోయొచ్చు. ప్రతి కాలి పక్కనా ఇనుప గూటం దిగ్గొట్టి గట్టిగా కట్టేయండి.

ఇంకో మాట, ఇది సీరియస్. రేకు రెక్కలున్న ప్లేటు స్పీడుగా తిరుగుతుంది. టైమర్ మీకు చెప్పి ఆన్ అవ్వదు. కింద చెయ్యి పెట్టేముందు బ్యాటరీ వైరు పీకేయాలి, ప్రతిసారీ. టెస్ట్ చేస్తున్నప్పుడు పిల్లల్ని దూరంగా ఉంచండి. గింజ కంటికి తగిలినా ప్రమాదమే. కళ్ళద్దాలు పెట్టుకోండి.

ఎన్ని సెకన్లు? ఎన్ని రోజులొస్తుంది?

ప్లేటు చుట్టూ పెద్ద సంచి కట్టి 5 సెకన్లు తిప్పండి, పడిన గింజలు తూకం వేయండి. మాకు 2 పౌన్లు వచ్చాయి, అంటే 900 గ్రాములు. పొద్దున సూర్యోదయం అయ్యాక అరగంటకి ఒకసారి, సాయంత్రం చీకటి పడక ముందు గంటకి ఒకసారి. రోజుకి 4 పౌన్లు.

ఇప్పుడు లెక్క. 330 పౌన్లు, రోజుకి 4. అంటే 82 రోజులొస్తుంది. మేం ఎగిరి గంతేశాం, మూడు నెలలదాకా ఇటు రావక్కర్లేదని. ఆ సంతోషం ఎంతకాలం నిలిచిందో వినండి.

బ్యాటరీ ఆరో రోజే చచ్చింది

నేను సాఫ్ట్‌వేర్ వాణ్ణి కదా, రెడీమేడ్ టైమర్ కొనడం నామోషీ అనిపించింది. ఇంట్లో ఉన్న ఆర్డునో యూనో బోర్డు తీసి కోడ్ రాసి పెట్టేశా. బ్యాటరీ 12 వోల్టులు, 7 ఆంపియర్-అవర్లది. వారం తర్వాత వెళ్ళి చూస్తే కెమెరాలో ఆరో రోజు నుంచి ఫీడర్ తిరగలేదు. మోటారే బ్యాటరీ తాగేసిందని ఫిక్సయ్యాను. లెక్క వేస్తే సిగ్గేసింది.

మోటారు 3 ఆంపియర్లు తీసుకుంటుంది అనుకుందాం. రోజుకి 10 సెకన్లే. అంటే రోజుకి 0.01 ఆంపియర్-అవర్ కూడా కాదు. అదే యూనో బోర్డు ఏ పనీ చేయకుండా కూర్చున్నా దాదాపు 50 మిల్లీ ఆంపియర్లు తాగుతుంది. 24 గంటలకి 1.2 ఆంపియర్-అవర్లు! అంటే మోటారు కంటే వంద రెట్ల పైమాటే. 7ని 1.2తో భాగిస్తే ఎంత? ఆరు రోజుల్లోపే. లెక్క ముందే వేసుంటే అంత దూరం డ్రైవ్ చేసే పనే ఉండేది కాదు. పైగా లెడ్ యాసిడ్ బ్యాటరీని సగం కంటే కిందకి దించితే దాని ఆయుష్షు తగ్గుతుంది. మేం పూర్తిగా పీల్చేశాం.

పరిష్కారం రెండు రకాలు. సులువైనది, ఫీడర్ల కోసమే అమ్మే డిజిటల్ టైమర్. అది చాలా తక్కువ కరెంటుతో బతుకుతుంది. ఎలక్ట్రానిక్స్ ఇష్టమున్నవాళ్ళకి రెండోది. బోర్డు బదులు ఏటీమెగా328 చిప్పుని విడిగా పెట్టి స్లీప్ మోడ్‌లో ఉంచండి. డీఎస్3231 గడియారం చిప్పు అలారం కొట్టి దాన్ని లేపుతుంది. మోటారుని ఆన్ చేయడానికి ఐఆర్‌ఎల్‌జెడ్44ఎన్ లాంటి లాజిక్ లెవెల్ మాస్‌ఫెట్. దాని గేటు నుంచి గ్రౌండ్‌కి 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్ తప్పనిసరి. లేకపోతే చిప్పు రీసెట్ అయినప్పుడు మోటారు దానంతటదే తిరగొచ్చు. మోటారు రెండు కొసల మధ్య ఒక డయోడ్, గీత ఉన్న వైపు ప్లస్‌కి. మోటారు ఆగేటప్పుడు వెనక్కి కొట్టే వోల్టేజీ నుంచి మాస్‌ఫెట్‌ని కాపాడేది అదే. బ్యాటరీ ప్లస్ దగ్గరే ఫ్యూజు. గడ్డి ఎండిన చోట వైరు కలిసి నిప్పంటుకుంటే కాలేది మన డబ్బా ఒక్కటే కాదు.

పైన చిన్న సోలార్ ప్యానెల్ పెట్టి, మధ్యలో ఛార్జ్ కంట్రోలర్ పెట్టండి. టెక్సస్‌లో ప్యానెల్ దక్షిణం వైపు, దాదాపు 30 డిగ్రీల వాలుతో ఉండాలి. ఇలా మార్చాక కరెంటు ప్రాబ్లం మళ్ళీ రాలేదు.

అసలు దెబ్బ ఇక్కడ తగిలింది

ఇప్పుడు ఆ 82 రోజుల సంగతి. సెప్టెంబరులో డ్రమ్ము నిండా పోశాం. ఎండలు, మధ్యలో రెండు వానలు. మూత గట్టిగానే ఉందనుకున్నాం. ఐదు వారాల తర్వాత వెళితే మోటారు మూలుగుతోంది, గింజ పడటం లేదు. మూత తీశాం. పైన పొర అట్టకట్టింది. చెయ్యి పెడితే వెచ్చగా ఉంది. ముక్క విరిస్తే లోపల పచ్చటి బూజు, ముక్కు మూసుకునే వాసన.

నీళ్ళు రెండు దారుల్లో వచ్చాయి. మూత రింగు ఒకవైపు సరిగ్గా కూర్చోలేదు, అదొకటి. రెండోది మేం అనుకోనిది. పగలు వేడెక్కిన రేకు రాత్రి చల్లబడితే లోపలి వైపు చెమట పడుతుంది. అన్నం గిన్నె మూత లోపల నీటి బొట్లు చూశారు కదా, అదే. ఆ బొట్లు రోజూ గింజల మీద పడ్డాయి.

మా ఫ్రెండ్ అన్నాడు, "ఏముందిరా, పొదల వెనక పోసేద్దాం, పందులు తింటాయి." పార పట్టుకున్నాడు కూడా. అప్పుడే ర్యాంచ్ ఓనర్ బండి ఆపి దిగాడు. పెద్దాయన. ఒక పిడికెడు తీసి వాసన చూసి, "దీన్ని నేల మీద పడనివ్వకండి. నా టర్కీలు చచ్చిపోతాయి" అన్నాడు. కోప్పడలేదు. ఆ మాట మెల్లగా అన్నాడు కాబట్టే మాకు ఎక్కువ తగిలింది.

ఆయన అన్నది అఫ్లటాక్సిన్ గురించి. ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు తయారుచేసే విషం అది. లివర్‌ని దెబ్బతీస్తుంది. పక్షులకి మరీ ప్రమాదం. అసలు ఈ విషం బయటపడిందే పక్షుల వల్ల. 1960లో ఇంగ్లండులో లక్షకి పైగా టర్కీ కోళ్ళు చనిపోయాయి. కారణం తెలియక టర్కీ ఎక్స్ వ్యాధి అన్నారు. వెతికితే దాణాలో కలిపిన వేరుశనగ చెక్కలో దొరికింది ఈ విషం.

వేరుశనగ అనగానే మనకి అనంతపురం గుర్తొస్తుంది కదా. అక్కడి రైతుకి ఈ పేరు కొత్త కాదు. బూజు పట్టిన కాయకి ధర రాదు, ఎగుమతి సరుకు వెనక్కొస్తుంది. హైదరాబాద్ పక్కన పటాన్‌చెరులో ఉన్న ఇక్రిశాట్ ఏళ్ళ తరబడి దీని మీద పనిచేస్తోంది. తక్కువ ఖర్చుతో అఫ్లటాక్సిన్ పట్టుకునే టెస్ట్ కిట్ కూడా చేసింది. పటాన్‌చెరు మీదుగా ఎన్నిసార్లు వెళ్ళానో. ఈ విషం గురించి నేను తెలుసుకుంది మాత్రం టెక్సస్‌లో, పాడైన డ్రమ్ము ముందు నిలబడి.

గుర్తుపెట్టుకోవాల్సినవి రెండు. ఒకటి, ఎండబెట్టినా మామూలుగా వేడి చేసినా ఈ విషం పోదు. బూజు చచ్చినా విషం ఉంటుంది. రెండు, చూపుకి శుభ్రంగా కనిపించే గింజలో కూడా ఉండొచ్చు. అమెరికాలో మనుషులు తినే మొక్కజొన్నకి ఎఫ్‌డీఏ పెట్టిన హద్దు 20 పీపీబీ. పీపీబీ అంటే వంద కోట్లలో ఒక భాగం. అంత తక్కువ మోతాదు కళ్ళకి ఎలా కనబడుతుంది?

ఆ మొక్కజొన్నంతా సంచుల్లోకి ఎత్తి, మూతులు కట్టి, చెత్త డంప్‌కి తీసుకెళ్ళాం. ముక్కుకి మాస్కు, చేతికి గ్లోవ్స్. డబ్బు పోయింది, ఒక రోజు పోయింది. కానీ ఆ పెద్దాయన రాకపోయుంటే ఏం జరిగేదో ఆలోచిస్తే ఇప్పటికీ ఇబ్బందిగా ఉంటుంది. జంతువుకి అది విషమని తెలియదు. రోజూ టైంకి మేత పడే చోటికి నమ్మి వస్తుంది. ఆ అలవాటు చేసింది మనం.

అప్పటినుంచి మా రూల్స్ ఇవి. నెలకి సరిపడానే పోస్తాం. రోజుకి 4 పౌన్లంటే 30 రోజులకి 120 పౌన్లు. చిన్న డ్రమ్ము తీసుకోమన్నది ఇందుకే. సంచి కొనేటప్పుడు లేబుల్ మీద అఫ్లటాక్సిన్ టెస్ట్ చేశారో లేదో చూస్తాం. గింజలో తేమ 14 శాతం లోపు ఉండాలి. పాతది పూర్తిగా అయ్యాక, లోపల తుడిచి, అప్పుడే కొత్తది. మూతకి రబ్బరు గ్యాస్కెట్, పైన లేత రంగు పెయింటు, వీలైతే చెట్టు నీడ. సోలార్ ప్యానెల్‌ని కాస్త దూరంగా ఎండలో పెట్టి వైరు లాక్కోవచ్చు. వర్షం పడ్డ వారం తప్పకుండా వెళ్ళి మూత తీసి చూస్తాం. వెళ్ళలేకపోతే, ఫోన్ చేసి అడిగితే టైమర్ ఆపేసే మనిషి ఒకరు దగ్గర్లో ఉండాలి. ఇవేవీ కుదరవంటే ఫీడర్ పెట్టొద్దు.

పిలవని చుట్టాలు

మొదటి వారం కెమెరాలో నాకు కనిపించిన హీరో రాకూన్. కాలు పట్టుకుని పైకెక్కి, వేలాడుతూ, చేత్తో ప్లేటు తిప్పుకుని గింజలు తినేస్తోంది! కోడ్ రాసిన నాకంటే దానికే మెషీన్ బాగా అర్థమైంది. దానికి మందు, ప్లేటు చుట్టూ ఇనుప జాలీ. గింజ బయటికి పోవాలి, చెయ్యి లోపలికి రాకూడదు. కాళ్ళకి నున్నటి రేకు చుడితే ఎక్కలేదు.

రెండోది అడవి పందులు. టెక్సస్‌లో ఇవి లక్షల్లో ఉన్నాయి, రైతులకి పెద్ద తలనొప్పి. గుంపుగా వచ్చాయంటే జింకలు పక్కకి తప్పుకుంటాయి. దీనికి ఉపాయం ఫీడర్ చుట్టూ 34 అంగుళాల ఎత్తు జాలీ కంచె. జింక తేలిగ్గా దూకుతుంది, పంది దూకలేదు. 16 అడుగుల ప్యానెళ్ళు ఎనిమిది గుండ్రంగా పెడితే దాదాపు 40 అడుగుల వెడల్పు వస్తుంది. మన ఫీడర్ విసిరే 30 అడుగుల వలయం అందులో పడుతుంది. కంచె మరీ చిన్నది చేస్తే గింజ బయటపడి పందులకే పండగ.

మూడోది మాత్రం చుట్టమే. ఒక రోజు కెమెరాలో మెలి తిరిగిన కొమ్ములు, నల్లటి వీపు, తెల్లటి పొట్ట. నాకు నోట మాట రాలేదు. కృష్ణజింక! మన ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు టెక్సస్‌లో మొక్కజొన్న తింటోంది. తర్వాత తెలిసింది, 1932లో వీటిని టెక్సస్‌కి తెచ్చారట, హిల్ కంట్రీలో పెరిగిపోయాయి. అక్కడ అది విదేశీ జంతువు, సీజన్ లేకుండా ఏడాదంతా వేటాడొచ్చు. ఇక్కడ ముట్టుకుంటే జైలు. జంతువు ఒకటే, చట్టం రెండు. నేనైతే ఆ ఫొటో ప్రింట్ తీసి ఇంట్లో పెట్టుకున్నా. మా ఫ్రెండ్ దాన్ని వేటాడలేదు. ఎందుకని అడిగితే, "మనూరిది కదరా" అన్నాడు.

చట్టం, జబ్బు

అమెరికాలో ఉన్న తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, ఇది జాగ్రత్తగా చదవండి. ప్రతి రాష్ట్రానికీ రూల్ వేరు. టెక్సస్‌లో చెల్లింది పక్క రాష్ట్రంలో చెల్లకపోవచ్చు.

మేత వేసి జింకని వేటాడొచ్చు కదా అని అక్కడే పావురాన్ని కొడితే నేరం. డోవ్, బాతు లాంటి వలస పక్షుల్ని ఎర వేసిన చోట వేటాడటం ఫెడరల్ చట్టం ప్రకారం నిషేధం. గింజలన్నీ తీసేసినా, తీసిన తర్వాత 10 రోజులదాకా ఆ చోటుని ఎర ఉన్న చోటుగానే చూస్తారు. టెక్సస్‌లో చాలా భాగంలో డోవ్ సీజన్ సెప్టెంబరు 1న మొదలవుతుంది. సరిగ్గా అందరూ ఫీడర్లు నింపుకునే రోజులవి.

వేటాడాలంటే లైసెన్సు ఉండాలి. టెక్సస్‌లో 1971 సెప్టెంబరు 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు చేయాలి. అంటే ఇది చదువుతున్న దాదాపు అందరూ. స్టూడెంట్ వీసా, హెచ్1బీ లాంటి నాన్-ఇమిగ్రెంట్ వీసాల మీద ఉన్నవాళ్ళు తుపాకి పట్టుకోవడమే ఫెడరల్ చట్టం ప్రకారం నిషేధం. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉంటే మినహాయింపు ఉంది. ఫ్రెండ్ ఇచ్చాడు కదా అని ఫొటో కోసం కూడా పట్టుకోకండి. ముందు లాయర్‌ని అడగండి.

ఇక జబ్బు. క్రానిక్ వేస్టింగ్ డిసీజ్ అని జింకలకి వస్తుంది. మెదడు పాడై, చిక్కి శల్యమై చనిపోతాయి. మందు లేదు. 1967లో కొలరాడోలో మొదట గుర్తించారు, టెక్సస్‌లో 2012లో బయటపడింది. లాలాజలం, మూత్రం, పేడ ద్వారా పాకుతుంది. మరి ఫీడర్ చేసే పని ఏంటి? విడివిడిగా తిరిగే జింకల్ని ఒకే చోట మూతి పెట్టి తినేలా చేయడం. అందుకే కొన్ని రాష్ట్రాలు మేత వేయడాన్నే ఆపాయి. మిషిగన్ లోయర్ పెనిన్సులాలో 2019లో నిషేధించారు. మీ కౌంటీలో ఈ జబ్బు ఉందేమో వేట శాఖ సైట్‌లో చూసుకునే ఫీడర్ గురించి ఆలోచించండి. ఉంటే మెషీన్ ఎంత బాగా చేసినా షెడ్డులోనే ఉంచండి.

మన దగ్గర ఎక్కడ పనికొస్తుంది?

మాది కొల్లేరు వైపు. నేను చూసిన మొదటి ఫీడర్ మా మావయ్య చేపల చెరువులో చిల్లుల సంచి. తవుడు, చెక్క కలిపి చిల్లులున్న సంచిలో నింపి, చెరువులో పాతిన కర్రకి కట్టేవాళ్ళు. చేపలొచ్చి పొడుచుకుంటే కొంచెం కొంచెం రాలేది. కరెంటు లేదు, కోడ్ లేదు. చేప ఆపితే మేత ఆగేది. ఇప్పుడు రొయ్యల చెరువుల్లో ఆటో ఫీడర్లు వచ్చాయి. తొట్టి, తిరిగే ప్లేటు, టైమరు. టెక్సస్ డీర్ ఫీడర్‌కి ఇది అన్నదమ్ముల వరస. ఇంజనీరింగ్ చదివే పిల్లలు ప్రాజెక్టు వెతుక్కుంటుంటే ఇది చేయండి. అడవి జంతువు జోలికి పోకుండా, చట్టం గొడవ లేకుండా, ఇంట్లో చెరువుకి పనికొస్తుంది.

ఈ మాటే మావయ్యకి వీడియో కాల్‌లో చెప్పి, మా ఫీడర్ చూపించా. అంతా విని ఒక్కటే అడిగాడు: "సంచిలో మేత పుల్లబడిందో లేదో నేను రోజూ చెయ్యి పెట్టి చూస్తాను అబ్బాయ్. మీ డ్రమ్ములో ఎవరు చెయ్యి పెట్టి చూస్తున్నారు?"

అప్పుడు నా దగ్గర జవాబు లేదు. ఇప్పుడుంది. నెలకొకసారి, వాన పడ్డ వారం ఇంకోసారి, నేను గానీ మా ఫ్రెండ్ గానీ మూత తీసి చెయ్యి పెడతాం. ఆటోమేటిక్ అంటే మేత దానంతటదే పడుతుందని మాత్రమే. ఆ మేత మంచిదో కాదో చూసేది మనమే.

ఫీడర్ గానీ, చెరువు ఫీడర్ గానీ చేసినవాళ్ళుంటే మీ గ్యాప్ ఎంత, ప్లేటు ఎంత పెట్టారో మాకు చెప్పండి. వచ్చే ఎపిసోడ్‌లో ఆ స్లీప్ మోడ్ కోడ్ లైన్ బై లైన్ చూద్దాం. అప్పటిదాకా జాగ్రత్త. చెయ్యి పెట్టేముందు బ్యాటరీ వైరు పీకడం మర్చిపోకండి. ఉంటాను ఫ్రెండ్స్, నమస్తే.